చలవ పెట్టె మీద చెయ్యి

తాడేపల్లిగూడెం,
12 జూన్ 1957.

పిన్నీ,

క్షేమసమాచారాలు తరవాత రాస్తాను. ముందు నీతో దెబ్బలాట.

విస్తట్లో అన్నం వడ్డించాక "గేదె ఈనేలా ఉంది, నేను వెళ్ళాలి" అని లేచిపోయిన మనిషిని నిన్నొక్కదాన్నే చూశాను. గేదెకి ఇంకా రెండు నెలల గడువుందని నాకు తెలియదా? నిన్ను రైలెక్కించి వచ్చిన మీ అల్లుడుగారు రెండు రోజులుగా ఒకటే అడగడం, స్టేషన్లో మీ పిన్నిగారు ఒక్క మాటైనా మాట్లాడలేదు, మావల్ల ఏం లోపం జరిగిందీ అని. ఏ లోపమూ లేదు, ఆవిడకి గేదె మీద బెంగ అని చెప్పాను. నమ్మినట్టే ఉన్నారు. మందుల కొట్టు నడిపే మనిషి కదా, ఎవరేం చెప్పినా వినడం అలవాటు.

నువ్వెందుకు వెళ్ళావో నాకు తెలుసు. అసలేమీ జరగనట్టు నటిస్తావు కనక మొత్తం రాస్తున్నాను, చదువుకో. ఆ రోజు బెజవాడ నుంచి ఐసు పెట్టె వచ్చింది. నలుగురు మనుషులు మోసుకొచ్చి ముందుగదిలో దింపారు. బీరువా అంత ఉంది, మల్లెపువ్వంత తెల్లగా. కొత్త యంత్రం ఇంట్లోకి వస్తే పసుపు రాసి కుంకం పెట్టకుండా ఎవరమూ ముట్టుకోం కదా. మా అత్తగారు పళ్ళెంలో పసుపు కలిపి ఉంచి హారతి కర్పూరం కోసం లోపలికి వెళ్ళారు. నువ్వు ఎప్పట్లాగే గుమ్మం అవతల తలుపు చాటున నిలబడ్డావు. నాకు ఒళ్ళు మండింది. పుట్టగానే తల్లిని పోగొట్టుకున్నదాన్ని చంకనేసుకుని పెంచిన చెయ్యి నీది. నా ఇంట్లోకి వచ్చిన మొదటి పెద్ద వస్తువు మీద ఆ చెయ్యి కాక ఎవరి చెయ్యి పడాలి? నిన్ను లాక్కొచ్చి, నీ కుడిచెయ్యి పసుపులో ముంచి, పెట్టె తలుపుకి అదిమాను. నువ్వు నిప్పు ముట్టుకున్నట్టు చెయ్యి లాక్కుని పెరట్లోకి పరిగెత్తావు.

మా అత్తగారు కర్పూరంతో వచ్చి చూశారు. ఆ చెయ్యి నాదే అనుకుని పక్కన కుంకంబొట్టు పెట్టి హారతి ఇచ్చారు. ఇప్పుడు ఎండిన పసుపు రాలిపోయింది గాని మరక మాత్రం తెల్లరంగులోకి దిగిపోయింది. నాలుగు వేళ్ళూ తిన్నగా పడ్డాయి. చిన్నప్పుడు రోకటి కింద పెట్టి వంకర చేసుకున్న నీ చిటికెన వేలు మాత్రం కొడవలిలా పక్కకి పోయింది. పొద్దున్నే గది ఊడ్చేటప్పుడు దాన్ని చూస్తే నాకు నవ్వొస్తుంది.

ఈసారి వచ్చి భోజనం చెయ్యకుండా వెళ్ళావంటే గేదెని ఇక్కడికే తోలించుకుంటాను.

నీ పుష్ప.


గుండుగొలను,
20 జూన్ 1957.

అమ్మలూ,

ఉత్తరం 'ఉభయకుశలోపరి' అని మొదలుపెట్టాలని నీ మూడో క్లాసు పుస్తకంలో ఉండేది. నువ్వు దిద్దుకుంటుంటే పక్కన కూర్చుని నేనూ దిద్దుకున్న చదువే కదా నాది, అందుకని గుర్తుంది. ఇక్కడ నేను కుశలం, గేదె కుశలం. మీ మామయ్య మాత్రం ఆకుమడి దున్నించడానికి వెళ్ళి, నడుం పట్టేసి మంచమెక్కాడు. ఐసు పెట్టె సంగతి చెబితే, కింద దీపం పెడితే పైన నీళ్ళు గడ్డకట్టడమేమిటి, గూడెం వాళ్ళు నీ చెవిలో పువ్వు పెట్టారు అంటాడు.

ఇంక అసలు సంగతి. నీ ఉత్తరం మూడుసార్లు చదివి పొయ్యిలో పెట్టేశాను. నువ్వు సరదా అనుకుంటున్నావు. మీ బాబాయి పోయి పద్ధెనిమిదేళ్ళయింది. ఆనాడు నా చేతి పసుపు కడిగేశారు. తరవాత కూరలోకి కొమ్ములు దంచుకోవడానికి తప్ప నేను పసుపు ముట్టుకోలేదు. ఎవరి గుమ్మానికీ రాయలేదు, ఎవరి పాదాలకీ రాయలేదు. అలాంటి చేతిని నువ్వు కొత్తగా కాపరం చేస్తున్న ఇంట్లో, కొత్త వస్తువుకి అదిమావు. అదీ మీ అత్తగారు స్వయంగా కలిపి పెట్టుకున్న పసుపుతో. ఆవిడ ముత్తైదువ. పెంటపాడులో వ్యవసాయం చూసుకుంటున్న మీ మామగారు నూరేళ్ళు చల్లగా ఉండాలి. ఆవిడ వెయ్యాల్సిన చెయ్యి అది.

ఆవిడకి తెలిస్తే నిన్నేమంటారో అని ఒక భయం. దానికన్నా పెద్ద భయం, నా చెయ్యి వల్ల మీ ఇద్దరికీ ఏమైనా వస్తుందేమోనని. ఇలాంటివి నమ్మనని నువ్వంటావు. నమ్మకపోవడానికి నీకు చదువుంది. నాకు నువ్వు తప్ప ఏమీ లేదు, నేను నమ్ముతాను.

నిమ్మకాయ అడ్డంగా కోసి, ఆ చెక్కతో మరక మీద మెల్లిగా రుద్దు. కాసేపు ఉంచి తడిగుడ్డతో తుడువు. ముగ్గు, బూడిద, ఇటికపొడి దగ్గరికి రానివ్వకు. ఆ తెల్లరంగు గీసుకుపోతే అల్లుడుగారు బాధపడతారు. మరక చెరిగిందని నువ్వు రాసేదాకా నేను మీ గుమ్మం తొక్కను. ఈ సంగతి రాసేటప్పుడు కవరులోనే రాయి. కార్డు మీద రాస్తే మీ మామయ్య వీధిలో నిలబడి చదువుతాడు.

ఆవకాయ జాడీ మూత తడి చేత్తో తియ్యకు.

ఆశీస్సులతో,
పిన్ని.


తాడేపల్లిగూడెం,
8 జూలై 1957.

పిన్నీ,

నిమ్మచెక్కతో రుద్దాను, పోలేదు. రెండోసారి రుద్దాను, అయినా పోలేదు. నేనేం చెయ్యను, నీ చెయ్యి గట్టిది.

మామయ్యకి చెప్పు, ఎవరూ నా చెవిలో పువ్వు పెట్టలేదు. పెట్టె అడుగున కిరసనాయిలు తొట్టి ఉంటుంది, దానికి వత్తి, వత్తికి నీలం మంట. ఆ వేడికే పైన నీళ్ళు గడ్డకడతాయి. ఎలాగో మీ అల్లుడుగారు అరగంట చెప్పారు, నేను బుర్ర ఊపాను. ఇంజక్షన్ మందులు వేడికి పాడవకుండా దాచడానికని కొన్నారు. కొట్టుకి రేకుల కప్పు, అక్కడ మహా వేడి. అందుకని ఇంట్లో పెట్టారు. ఒక అరలో ఆయన మందులు, ఒక అరలో మా అత్తగారి పెరుగు. ఆవిడ దీన్ని చలవ పెట్టె అంటారు. మొదటిసారి మజ్జిగలో ఐసుముక్క వేసిస్తే పళ్ళు జివ్వుమన్నాయని లేచి గదంతా తిరిగి, ఇంకో ముక్క వెయ్యమన్నారు.

పోయిన వారం వత్తి ఆరిపోతే ఎవరమూ చూసుకోలేదు. మర్నాడు తలుపు తీస్తే లోపలంతా చెమట పట్టింది. ఆరు ఇంజక్షన్ సీసాలు పారబోశారు. మీ అల్లుడుగారు ముఖం మాడ్చుకుని కూర్చుంటే, మా అత్తగారు పుల్లబడ్డ పెరుగంతా మజ్జిగపులుసు పెట్టి ముందు అది తినమన్నారు. తిన్నాక ఆయన ముఖం కాస్త తెరిపిన పడింది.

ఇన్ని కబుర్లూ ఎందుకు చెబుతున్నానంటే అసలు కబురు చెప్పడానికి సిగ్గేసి. నాకు మూడో నెల. డాక్టరమ్మ నిన్న చూసి ఖాయం చేసింది. మొదట నీకే రాస్తున్నాను. మామయ్యకి నువ్వే చెప్పు.

ఏడో నెలలో నువ్వు సూడిదలు పట్టుకుని రావాలి. నువ్వే రావాలి. గాజులు నువ్వే తెచ్చి తొడగాలి. ఇంకేం వద్దు నాకు.

టపా గురించి భయపడకు. తాతాజీ అనే పోస్టుమాను పదింటికి తెస్తాడు. అప్పటికి ఆయన కొట్లో ఉంటారు. మా అత్తగారికి చదువు రాదు. కాబట్టి నీ మనసులో ఉన్నదంతా రాయి.

నీ పుష్ప.


గుండుగొలను,
16 జూలై 1957.

బంగారుతల్లీ,

నీ ఉత్తరం చదివి పెరట్లోకి వెళ్ళి ఏడ్చాను. సంతోషమే. మీ మామయ్యకి చెబితే నడుం నొప్పి మరిచిపోయి లేచి నిలబడి, మళ్ళీ 'అమ్మా' అని కూర్చున్నాడు. పొద్దున్నుంచి ఊళ్ళో ఎవరు కనిపించినా చెబుతున్నాడు. ఇప్పుడే చెప్పకూడదన్నా వినడు.

ఐసు ముట్టుకోకు. ఈ నెలల్లో చలవ చేస్తే మంచిది కాదు. పుల్లగా తినాలనిపిస్తే ఉసిరికాయ చప్పరించు.

వత్తి ఆరిపోయిన సంగతి నువ్వు నవ్వుతూ రాశావు. నేను నవ్వలేకపోయాను. నా చెయ్యి పడి నెల తిరక్కుండా ఆ ఇంట్లో దీపం ఆరింది. నువ్వు దాన్ని వత్తి అంటావు, నాకు దీపంలాగే కనిపిస్తుంది. మీ అమ్మ నిన్ను కన్న మూడో రోజున పోయింది. ఆ గదిలో నేనున్నాను. చల్లబడుతున్న చేత్తో మా అక్క నిన్ను నా ఒళ్ళో పెట్టింది. నీకిప్పుడు అలాంటి రోజు రాబోతూంటే నీ ఇంట్లో ఆ పెట్టె మీద నా చెయ్యి ఉంది. అది తలుచుకుంటే ముద్ద దిగడం లేదు.

నిమ్మకాయకి లొంగకపోతే చింతపండు గుజ్జు పట్టించి చూడు. లేదా పుల్లమజ్జిగలో గుడ్డ ముంచి కాసేపు అంటించి ఉంచు. అన్నిటికన్నా మంచి మందు ఎండ. పసుపుకి ఎండ పడదు. పెళ్ళిబట్టలకి పసుపు పెడితే నీడనే ఆరెయ్యాలని నీకు నేనే నేర్పాను, ఎండలో వేస్తే పూటలో వెలిసిపోతాయని. పెట్టెని కిటికీ వేపు తిప్పించి తలుపు మీద ఎండ పడనియ్యి. వారంలో పోతుంది.

నా మీద ఒట్టు. ఈసారి చెయ్యకుండా చేశానని రాయకు. నీ అబద్ధాలు నాకు అక్షరాల్లో తెలిసిపోతాయి, ఒకే మాట రెండుసార్లు రాస్తావు.

పిన్ని.


తాడేపల్లిగూడెం,
5 ఆగస్టు 1957.

పిన్నీ,

నువ్వు గెలిచావు. నిమ్మకాయ రుద్దలేదు. ఒక్కసారి కూడా రుద్దలేదు. ఆ చెయ్యి చెరపడం నాకిష్టం లేదు.

కానీ ఒట్టు పెట్టావు కదా. పెట్టెని తిప్పడం కుదరదు, మంట వంకరైతే పొగ చూరుతుంది, అంగుళం కూడా కదపొద్దని మీ అల్లుడుగారి ఆజ్ఞ. సరే, త్వరగా పని అయిపోవాలని, ఎలాగూ చెరపక తప్పదన్న కోపంతో, నిమ్మకాయలూ చింతపండూ మానేసి బట్టలుతికే సోడా వేడినీళ్ళలో కలిపి గుడ్డతో ఒక్క తుడుపు తుడిచాను. పిన్నీ, మరక ఎర్రబడిపోయింది. నెత్తురులా. అయిదు వేళ్ళూ ఎర్రగా తలుపు మీద నిలబడ్డాయి. నేను అక్కడే చతికిలబడ్డాను.

అదే సమయానికి మా అత్తగారు వచ్చారు. తలుపు వేపు చూశారు, నా చేతిలో గుడ్డ చూశారు. నన్ను లేవదీసి లోపల పడుకోబెట్టి వెళ్ళిపోయారు. సాయంత్రం లేచి చూస్తే ఎరుపు పోయి మళ్ళీ పసుపయింది. ఆవిడే ఏదో పెట్టి తుడిచారు. చెరిపెయ్యాలని చూసి ఉంటారు, చెరగలేదు.

ఆనాటి నుంచి నాతో ముక్తసరిగా మాట్లాడుతున్నారు. అన్నం పెడతారు, పాలు ఇస్తారు, డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్తారు, అన్నీ చేస్తారు. కబుర్లు మాత్రం లేవు. పైగా రోజూ మధ్యాహ్నం అవగానే తన పాత చీర ఒకటి మడతపెట్టి పెట్టె తలుపు మీదుగా వేలాడేస్తారు. దీపాలు పెట్టే వేళకి తీసేస్తారు. మధ్యాహ్నం వేళేగా ఇరుగుపొరుగు అమ్మలక్కలు వచ్చి కూర్చునేది. వాళ్ళ కంట పడకూడదని కప్పుతున్నారన్నమాట. ఆవిడకి తెలిసిపోయింది పిన్నీ. ఆ చెయ్యి నాది కాదని తెలిసిపోయింది.

మీ అల్లుడుగారిని అడిగితే అమ్మకి మోకాళ్ళ నొప్పులు, అందుకే చిరాకు అన్నారు. మోకాళ్ళ నొప్పికి పెట్టెకి చీర కడతారా ఎవరైనా?

నువ్వు చెప్పు నేనేం చెయ్యాలో. నువ్వు సూడిదలకి రానంటావేమోనని నా భయమంతా.

పుష్ప.


(కార్డు)

గుండుగొలను,
22 ఆగస్టు 1957.

అమ్మలూ,

కొల్లేరు పొంగి మన దిగువ చేలలోకి వచ్చింది. పోస్టాఫీసు మెట్ల దాకా నీళ్ళు. కవర్లు అయిపోయాయట, కార్డే దొరికింది. మీ అత్తగారికి చదువు రాదన్నావు కనక ధైర్యం చేసి రాస్తున్నాను. మన పాలేరు పోతురాజు దోనె మీద భీమడోలు వెళ్తున్నాడు, అక్కడ పోస్టులో వేస్తాడు.

ఎర్రబడ్డందుకు భయపడకు. పసుపులో సున్నం కలిపితే పారాణి అవుతుంది, సోడా తగిలినా అంతే. అది శుభమే. పులుపు తగిలితే మళ్ళీ పసుపే అవుతుంది. అందులో ఏమీ లేదు.

పెట్టె మీది చెయ్యి నాదేనని మీ అత్తగారికి తెలిసిపోయినట్టే. చీర కప్పి ఆవిడ ఊరుకున్నారంటే అది ఆవిడ మంచితనం. మరొకరైతే నిన్ను పుట్టింటికి పంపేవారు. నువ్వేం మాట్లాడకు. తప్పంతా నాదేనను, పిన్ని తెలియక వేసిందను. సూడిదలు మీ మామయ్య తెస్తాడు. నేను రాను. పురిటికి నువ్విక్కడికి వచ్చినా నేను మా ఆడపడుచు ఊరు వెళ్ళిపోతాను, నీ గదిలోకి రాను. నువ్వూ బిడ్డా క్షేమంగా ఉంటే నాకు అంతే చాలు.

గేదె ఈనింది. పెయ్యదూడ.

పిన్ని.


తాడేపల్లిగూడెం,
3 సెప్టెంబరు 1957.

పిన్నీ,

కూర్చుని చదువు. పక్కన మామయ్యని కూడా కూర్చోబెట్టుకో. ఇంక దాచాల్సిందేమీ లేదు.

నీ కార్డు వచ్చినప్పుడు నేను పెరట్లో తలంటుకుంటున్నాను. మా అత్తగారు వీధరుగు మీద కూర్చుని చేటలో బియ్యం ఏరుతున్నారు. నేను మరిచిపోయిందేమిటంటే, చదువు రానివాళ్ళకి కార్డులు చదివి పెట్టడం తాతాజీకి అలవాటు. వీధివీధంతా వినపడేలా చదువుతాడు. గుండుగొలను నుంచి అనగానే మా అత్తగారు, వదినగారు ఏం రాశారో చదువు బాబూ అన్నారట. నేను తడిజుట్టుతో వచ్చేసరికి తాతాజీ కొల్లేరు నీళ్ళూ, దోనే, పారాణీ అన్నీ దాటి "పెట్టె మీది చెయ్యి నాదేనని" దాకా వచ్చాడు. అక్కడ గొంతు తగ్గించి, ఇంకా తగ్గించి, ఆగిపోయాడు. తానేం చదువుతున్నాడో అప్పటికి అర్థమైంది పాపం.

మా అత్తగారు చేటలోంచి తలెత్తలేదు.

"ఆ సంగతి నాకు మొదటిరోజే తెలుసు. మిగతాది చదువు" అన్నారు.

అతను చివరిదాకా చదివి, కార్డు అరుగు మీద పెట్టి, సైకిలెక్కకుండా నడిపించుకుంటూ వెళ్ళిపోయాడు. నేను స్తంభం పట్టుకుని నిలబడ్డాను. ఆవిడ చేటలో బియ్యం అయ్యేదాకా ఏరారు. అప్పుడు నన్ను కూర్చోమని, నా జుట్టు తన కొంగుతో తుడుస్తూ మాట్లాడారు. ఆ మాటలన్నీ నేను రాస్తే తేడా వస్తుందని ఆవిడనే చెప్పమన్నాను. ఇక్కడినుంచి మా అత్తగారు చెబుతున్నారు, నేను రాస్తున్నాను.

"వదినగారికి వీరరాఘవమ్మ నమస్కారాలండీ. నాకు అక్షరం ముక్క రాదు గాని, చెయ్యి చదవడం వచ్చండీ. పెళ్ళిలో మీరు మా అందరికీ వడ్డించారు. ఆ వంకర వేలితో గరిటె పట్టుకోవడం నేను చూశాను. అలాంటి వేలు పెట్టె మీద కనిపిస్తే ఎవరిదో నాకు తెలియదా అండీ. అబద్ధం ఎందుకు, చూడగానే నాకూ గుండె ఝల్లుమంది. తుడిచేద్దామని తడిగుడ్డ తెచ్చాను కూడాను. తీరా చెయ్యెత్తాక పెళ్ళి గుర్తొచ్చింది. తలంబ్రాల వేళ ఈ పిల్ల తల తిప్పి తిప్పి ఎవరికోసమో వెతికింది. మీరు పశువుల కొట్టం దగ్గర నిలబడి చూస్తున్నారు. నేను మిమ్మల్ని చూశాను. రండి వదినగారూ అని నేను ఒక్క మాటంటే ఎవరూ కాదనేవారు కాదు. మగపెళ్ళివారి తరఫు పెద్దముత్తైదువని నేనే కదా. అనలేదండీ. నలుగురూ ఏమనుకుంటారో అని నోరు రాలేదు. అది నాకు అప్పట్నుంచీ ముల్లులా ఉంది. ఈ పిల్ల ఆ పని తన చేత్తో తను చేసుకుంది. అందుకని గుడ్డ పక్కన పడేసి కుంకంబొట్టు పెట్టానండీ.

మీరు సిగ్గుపడతారేమోనని తెలిసినట్టు చెప్పలేదు. అది నా తెలివితక్కువ. మీరింత బాధ పడుతున్నారని తెలిస్తే మొదట్లోనే కబురు పెట్టేదాన్ని. వత్తి ఆరింది మీ చెయ్యి వల్ల కాదండీ. మా అబ్బాయి ఆ రోజు కిరసనాయిలు పొయ్యడం మరిచిపోయాడు. మర్నాడు తొట్టి ఖాళీగా ఉండడం నేను చూశాను గాని, వాడు చిన్నబుచ్చుకుంటాడని ఊరుకున్నాను."

మళ్ళీ నేను. ఇక్కడ ఆవిడ చెప్పడం ఆపి నన్ను తిట్టారు, అది కూడా రాయమన్నారు, రాస్తున్నాను. ఆవిడ నాతో ముక్తసరిగా మాట్లాడింది నీ చెయ్యి పడినందుకు కాదు, పెంచిన చేతిని నేను సోడాతో రుద్దినందుకు. "ఇలాంటిదానికి తల్లి ఎందుకు, పిన్ని ఎందుకు అనిపించింది" అన్నారు. ఎర్రబడ్డదాన్ని నిమ్మచెక్కతో మళ్ళీ పసుపు చేసింది కావాలనే. నువ్వు నాకు ఒట్టు పెట్టావని చెబితే, అయితే సరేలే అని కాస్త చల్లబడ్డారు.

చీర సంగతి అడిగాను. నన్ను చెయ్యి పట్టుకుని ముందుగదిలోకి తీసుకెళ్ళి చూపించారు. మధ్యాహ్నం దాటాక పడమటి కిటికీలోంచి ఎండ సరిగ్గా పెట్టె తలుపు మీద పడుతుంది. దీపాల వేళకి పోతుంది. "ఎండకి పసుపు నిలుస్తుందా? అందుకు కట్టాను" అన్నారు. పెట్టెని తిప్పి ఎండ తగిలించమని నువ్వు రాశావు. ఎండ రోజూ దానంతటదే వస్తోంది, ఆవిడ రోజూ అడ్డం పడుతున్నారు. ఇద్దరూ చెరో వేపు నుంచీ నన్ను కాపాడుతున్నారని అప్పటికి గాని నా బుర్రకి ఎక్కలేదు. అక్కడే ఏడ్చేశాను. మీ అల్లుడుగారు అప్పుడే భోజనానికి వచ్చి, ఎవరికేమైంది అని కంగారుపడ్డారు. కిరసనాయిలు మరిచిపోయింది మీరట కదా అన్నాను. కాళ్ళు కడుక్కుని పీట మీద కూర్చున్నారు.

ఆవిడ చివరి మాట ఇది: "ఎంత దాచినా వెలిసిపోతోందండీ వదినగారూ. బొటనవేలు అప్పుడే సగం పోయింది. సూడిదలకి వచ్చి మీరే మళ్ళీ వెయ్యాలి. పసుపు నేను కలిపి ఉంచుతాను."

శుభవార్త కనక ఈ ఉత్తరం నాలుగు మూలలకీ పసుపు రాసిందీ ఆవిడే. నువ్వేం రాస్తావో అని రోజూ అరుగు మీద కూర్చుంటాను. తాతాజీ ఇప్పుడు మా ఇంటి ముందు గొంతు తగ్గించి బెల్లు కొడుతున్నాడు.

నీ పుష్ప.


గుండుగొలను,
20 అక్టోబరు 1957.

అమ్మలూ,

జవాబు ఆలస్యమైంది. రాయడానికి కూర్చోవడం, లేవడం, గేదె దగ్గరికి వెళ్ళడం, మళ్ళీ కూర్చోవడం. నెలన్నర ఇలాగే గడిచింది. నీ ఉత్తరం మాత్రం ఈసారి పొయ్యిలో పెట్టలేదు. బియ్యం డబ్బాలో పెట్టాను. రోజూ బియ్యం కొలిచేటప్పుడు తీసి చూస్తున్నాను.

నీళ్ళు తీశాయి. దిగువ చేలలో ఊడ్పులు పోయాయి గాని ఎగువ చేను నిలబడింది. పెయ్యదూడ గంతులేస్తోంది. మీ మామయ్య నడుం కుదుటపడింది.

వదినగారికి నా మాటగా చదివి వినిపించు. కొట్టం దగ్గర నిలబడింది నన్నెవరో నిలబెట్టి కాదండీ. నాకు నేనే నిలబడ్డాను. మీరు పిలిచినా ఆ రోజు వచ్చేదాన్ని కాదేమో. అందుకని ఆ ముల్లు తీసెయ్యండి. ఇప్పుడు పిలిచారు, వస్తాను. ఒక్కదానికీ ధైర్యం చాలదు, మీరు పక్కన నిలబడాలి. చెయ్యి వేశాక చీర సంగతి మరిచిపోకండి.

కార్తీకమాసంలో, పౌర్ణమి వెళ్ళిన మూడోనాడు పొద్దుటి రైలుకి నేనూ మీ మామయ్యా సూడిదలతో వస్తాం. గాజులు ఏలూరులో కొన్నాను, ఆకుపచ్చవి. నీ చేతి కొలత నాకు తెలుసు, కాస్త ఒళ్ళు చేసి ఉంటావని ఒక సైజు పెద్దవి తీసుకున్నాను. ఈసారి భోంచేసే వెళ్తాను. ఆ ఐసు మజ్జిగ ఒక గుక్క తాగి చూస్తాను, మీ మామయ్యకి సాక్ష్యం కావాలి.

ఈ ముక్క రాయడానికి మడిచిన ఉత్తరం మళ్ళీ విప్పాను. మడుస్తూంటే మీ మామయ్య చూసి, మూలలకి పసుపు ఎవరు రాశారు అని అడిగాడు. నేనే అన్నాను. కండువా వేసుకుని, ఇలా తే, నేనే వెళ్ళి పోస్టులో వేసొస్తానన్నాడు. నాలుగో మూల కొంచెం పక్కకి పోయింది, ఏమనుకోకు. చిటికెన వేలితో రాశాను.

నీ పిన్ని,
వెంకటనరసమ్మ.